కోసే ముందు ఆదరువు



మందిరం కారు ఏమైందని గత నెలంతా చాలామంది అడిగారు. దేవుని కృపవల్ల బాగుపడింది. మొన్న ఆదివారం నాగాయలంక వైపు కూటానికి దానిలోనే వెళ్ళి వచ్చాము. అయితే ఆ కారు పని చేయిస్తూ మేము నేర్చుకున్న సంగతి ఒకటుంది. చెప్పుకోవడానికి మాకు కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా చెప్పకపోతే మా మనస్సాక్షి ఊరుకునేలా లేదు. అందుకే రాస్తున్నాము.

మన సంఘానికి ఉన్నది 1994 మోడల్ డీజిల్ అంబాసిడర్. మాకు ముందు ఇక్కడ సేవ చేసిన పెద్దయ్యగారు వాడి, వెళ్తూ వెళ్తూ మందిరానికి వదిలిపెట్టిన బండి. ఎందరో పెళ్ళికూతుళ్ళను గుడికి తెచ్చింది. ఎన్నో పెట్టెల ముందు సమాధుల తోటదాకా నడిచింది. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన ఆడబిడ్డలను పులిగడ్డ అక్విడెక్టు దాటించి, మోపిదేవి, చల్లపల్లి మీదుగా బందరు ఆసుపత్రికి చేర్చింది.

దివిసీమలో ఇనుము ఎలా బతుకుతుందో మీకు చెప్పనక్కరలేదు. సముద్రపు గాలిలో ఉప్పు, చెరువుల చుట్టూ ఉప్పునీరు, రొయ్యలు చేపలు మోసే లారీల నుంచి దారి పొడుగునా కారే నీళ్ళు. ఉప్పు తడిని పిలుచుకుంటుంది, తడి తుప్పును పిలుచుకుంటుంది. తలుపుల కింద, బాక్సుల లోపల, మడ్‌గార్డుల మడతల్లో బురద చేరి, నీరు పోయే కంతలు మూసుకుపోతే లోపలినుంచే తినేస్తుంది. బయట రంగు బాగానే ఉంటుంది. ఆ రంగు మీద చిన్న పొక్కు కనబడేసరికి లోపల రేకు సగం పోయి ఉంటుంది.

పోయిన వానకాలంలో ఒక రాత్రి మన సంఘంలోని ఒక సహోదరిని ప్రసవానికి తీసుకువెళ్తున్నాము. చల్లపల్లి దాటాక ఒక గుంటలో బండి పడింది. వెనుక ఎడమ తలుపు ఊగిపోయి తెరుచుకుంది. మళ్ళీ పడలేదు. తలుపును పట్టుకునే స్తంభం కింద రేకు తుప్పుపట్టి విడిపోయింది. సీటు కింద నేల కూడా చేతి వెడల్పున ఊడి, రోడ్డు కనబడింది. ఆ తల్లి తన చీర కొంగుతో తలుపును సీటుకు కట్టి, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల నొప్పులతో మూలుగుతూనే తల్లి పడిపోతుందేమోనని ఆమె నడుము పట్టుకుంది. బందరు చేరాము. తల్లీ బిడ్డా క్షేమం. కాని తిరిగి వస్తూ మేము ఒట్టు పెట్టుకున్నాము, బాగుచేయకుండా ఇక ఈ కారులో ఎవరినీ ఎక్కించమని.

బాగుచేయడం మాటల్లో తేలికే. అంబాసిడర్ 1950ల చివర మొదలైన బండి. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ను మనవాళ్ళు ఇక్కడ తయారుచేసుకున్నారు. పశ్చిమ బెంగాల్ ఉత్తరపారా కర్మాగారంలో 2014 మే నెలలో దాని తయారీ ఆగిపోయింది. ఇంజను సామాన్లు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట దొరుకుతున్నాయి. బాడీ రేకులే కష్టం. చీటీ పట్టుకుని విజయవాడ జవహర్ ఆటోనగర్‌కు వెళ్ళాము. లారీ బాడీలు కట్టే చోటు అది, అక్కడ దొరకనిది లేదంటారు. వరుసగా ఏడెనిమిది షాపులు తిరిగాము. చివరికి ఒక పెద్దాయన మా చీటీ చదివి నవ్వాడు. "అయ్యగారూ, ఇవి విడిగా కొంటే అయ్యే పని కాదు. నడవని అంబాసిడర్ ఒకటి కొనండి. కోయించి, దాని రేకులు మీ బండికి వేయించండి. గుడివాడలో ఒక టింకరింగు కుర్రాడున్నాడు. అంబాసిడర్ అంటే వాడి చేతిలో పనే. మీ దివిసీమవాడే అనుకుంటా" అని షెడ్డు గుర్తులు చెప్పాడు.

ఆ గుర్తులు వింటుంటేనే మాకు అనుమానం వచ్చింది. గుడివాడ వెళ్ళి చూస్తే అనుమానం నిజమైంది.

ఆ కుర్రాడు మన సంఘం బిడ్డే. మూడేళ్ళ కిందట క్రిస్మస్‌కు ముందు రాత్రి, ఇంటింటికీ పాటలు పాడుతూ తిరిగే సమయంలో తాగి వచ్చి, మన సంఘ పెద్ద ఒకాయన కొడుకును కొట్టాడు. కనుబొమ మీద కుట్లు పడ్డాయి. పెద్దలందరం కూర్చున్నాము. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం చదివినది మేమే. ఆరు నెలలు ప్రభువు బల్లకు దూరంగా ఉండాలని తీర్మానం రాసినది కూడా మేమే. అతడు తల వంచుకుని విన్నాడు. ఆ తరువాత పని వెతుక్కుంటూ భార్యనూ పాపనూ తీసుకుని గుడివాడ వెళ్ళిపోయాడు. ఆరు నెలలు అయిపోయాయి. ఏడాది అయిపోయింది. మూడేళ్ళు అయిపోయాయి. మేము ఒక్కసారి కూడా వాళ్ళ ఇంటి గడప తొక్కలేదు. వాళ్ళ అమ్మ ప్రతి ఆదివారం చివరి వరుసలో కూర్చుని వెళ్తుంది. ఆమెను బాగున్నావా అమ్మా అని అడిగేవాళ్ళం. అబ్బాయి ఎలా ఉన్నాడని మాత్రం అడిగేవాళ్ళం కాదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆ రోజు మాకు తోడుగా వచ్చిన సంఘ పెద్ద, దెబ్బ తిన్న ఆ పిల్లవాడి తండ్రే. షెడ్డు ముందు ఎవరున్నారో చూసి ఆయన కారు దిగలేదు. కాసేపటికి దిగి, రోడ్డు అవతల టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

కుర్రాడు మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుని లేచాడు. "వందనాలు అయ్యగారూ" అన్నాడు. అంతే. మా కారు చుట్టూ తిరిగాడు. వేలి కణుపులతో తలుపు కింద తట్టాడు. స్క్రూడ్రైవరు మొన పెట్టి నొక్కితే రేకులోకి దిగిపోయింది. "అతుకులు వేసి లాభం లేదండీ. తుప్పు మీద వెల్డింగు నిలవదు. మంట తగలగానే కంత పెద్దదవుతుంది. గట్టి రేకు వచ్చేదాకా వెనక్కి కోసుకుంటూ పోవాలి" అన్నాడు. పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేస్తే చిరుగు పెద్దదవుతుందని ప్రభువు చెప్పిన ఉపమానం మీద మేము ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్కలేదు. దాని అర్థం ఆ స్క్రూడ్రైవరు మొన దగ్గర మాకు మొదటిసారి కళ్ళకు కనబడింది.

గుడివాడ దగ్గరి ఒక పల్లెలో రెండు అంబాసిడర్లు ఉన్నాయని తనే వాకబు చేసి చెప్పాడు. వారం తరువాత ముగ్గురమూ చూడటానికి వెళ్ళాము. ఒకటి తెల్లగా మెరుస్తోంది. రెండోది వేపచెట్టు కింద ఉంది. కుడివైపంతా సొట్టలు, రంగు వెలిసిపోయి బూడిద రంగులోకి తిరిగింది. మేము తెల్లదాన్ని చూసి ఇది తీసుకుందామన్నాము. అతడు జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి తెల్ల కారు మడ్‌గార్డుకు ఆనించాడు. జారి కింద పడింది. మరోచోట పెట్టాడు. అక్కడా పడింది. "ఇది రేకు కాదండీ, లప్పం. వేలి మందం ఉంది. పైన రంగు కొట్టారు" అన్నాడు. వేపచెట్టు కింది బండి సొట్టల మీద పెడితే టక్కున అతుక్కుంది. ఆ బండి టాక్సీగా తిరిగినదట. దాని ఓనరు ప్రతి ఏటా పాత ఇంజనాయిలు కిందంతా కొట్టించేవాడట. పైగా సముద్రానికి ఎడంగా బతికిన బండి. సొట్టలున్నా రేకు గట్టిది.

ప్రియులారా, ఆ క్షణంలో మేము పక్కన నిలబడిన పెద్దాయన ముఖంలోకి చూడలేకపోయాము. మన సంఘాలలో ఎవరిని ముందు వరుసలో కూర్చోబెడుతున్నామో, ఎవరిని వేపచెట్టు కింద వదిలేస్తున్నామో మనం ఒక్కసారి అయస్కాంతం పెట్టి చూసుకోవాలి. మా సంగతే చెబుతున్నాము. మా సేవలోనూ లప్పం ఉంది. బాగా రంగు కొట్టిన మాటలున్నాయి.

బేరం ఇరవై రెండు వేలకు కుదిరింది. డబ్బు ఇచ్చే ముందు కాగితాలు అడిగాము. పాత బండి కోయడమంటే తేలిక విషయం అనుకోకండి. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను ప్రకారం, ఇక వాడకానికి పనికిరాని బండి సంగతి ఓనరు పద్నాలుగు రోజులలో, లేదా వీలైనంత త్వరగా, రవాణా శాఖకు తెలిపి ఆర్‌సీ అప్పగించాలి. కాగితాలు లేని బండి దొంగ బండి కావచ్చు. దేవుని మందిరపు కారుకు దొంగసొత్తు రేకు వేయకూడదు కదా. రిజిస్ట్రేషన్ రద్దయ్యాకే కోత మొదలుపెట్టాము. ఆ పనికి మూడు వారాలు ఆలస్యమైంది. ఫర్వాలేదు.

కోత మొదలైన రోజు మేము పొద్దున్నే షెడ్డుకు వెళ్ళాము. గ్యాస్ కట్టరుతో గంటలో ముక్కలు చేసేస్తారనుకున్నాము. అతడు కట్టరు ముట్టుకోలేదు. ముందు బ్యాటరీ విప్పాడు. డీజిల్ ట్యాంకు దించి దూరంగా పెట్టించాడు. సీట్లు, వైర్లు, అద్దాలు తీసేశాడు. రెండు బకెట్ల నీళ్ళు, ఒక తట్ట ఇసుక దగ్గర పెట్టుకున్నాడు. "గ్యాస్ ఎందుకు వాడవు నాయనా?" అని అడిగాము. "తుక్కు కింద అమ్మేవాళ్ళకు గ్యాస్ బాగుంటుందండీ. మనకు రేకు కావాలి. వేడికి రేకు నూనెలో అప్పడంలా మెలికపడుతుంది. ఇక సరిగ్గా కూర్చోదు" అన్నాడు. ఫ్యాక్టరీలో రెండు రేకులను చుక్కలు చుక్కలుగా అతికించిన చోట్లను సాండ్‌పేపరుతో రుద్ది కనిపెట్టాడు. ఒక్కొక్క చుక్క మీద డ్రిల్లు పెట్టి పై రేకు మటుకే తొలిచాడు. తరువాత పలుచని ఉలి దూర్చి నెమ్మదిగా విడదీశాడు. అడ్డంగా కోయాల్సిన చోట హ్యాక్‌సా బ్లేడు వాడాడు.

మేము సుద్దముక్కతో గీసిన గీత మీద కాకుండా, దానికి రెండు అంగుళాలు అవతల కోయడం చూసి, గీత ఇక్కడుంది కదా అన్నాము. అతడు తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"ఎక్కువ ఉంచుకుంటే తరువాత కత్తిరించుకోవచ్చండీ. తక్కువ కోస్తే మళ్ళీ పెంచలేం."

రెండో రోజు మా కారు వంతు వచ్చింది. కుళ్ళిన బాక్సునూ, స్తంభం అడుగునూ కోసేయాలి. అతడు రంపం పట్టుకునే ముందు బండిని నాలుగు వైపులా సమంగా స్టాండ్ల మీదికి ఎత్తాడు. తలుపు ఖాళీని అడ్డంగా, ఐమూలగా టేపుతో కొలిచి గోడ మీద రాసుకున్నాడు. ఆ ఖాళీలో రెండు ఇనుప బద్దలు అడ్డంగా నిలబెట్టి, చివర్లు వెల్డింగు చేశాడు. తలుపు పెట్టే చోట ఈ బద్దలెందుకని అడిగాము.

"అయ్యగారూ, కుళ్ళిపోయినా సరే, ఇన్నేళ్ళూ ఈ బండి బరువు ఇదే మోసింది. ఆదరువు పెట్టకుండా కోశామనుకోండి, బండి కుంగిపోతుంది. తరువాత ఎంత మంచి రేకు తెచ్చినా ఆ చోటులో పట్టదు. తలుపు ఎప్పటికీ సరిగ్గా పడదు."

మేము ఇంకేమీ అడగలేకపోయాము. బయటికి వచ్చి కాలవగట్టు మీద నిలబడ్డాము. మూడేళ్ళ కిందటి ఆ రాత్రి తీర్మానం మా కళ్ళ ముందుకు వచ్చింది. తప్పును తప్పు అనడం సంఘం బాధ్యతే. తాగి కొట్టినదాన్ని చూడనట్టు ఊరుకుని ఉంటే దెబ్బ తిన్న బిడ్డకు అన్యాయం చేసినవాళ్ళం అయ్యేవాళ్ళం. కోయాల్సిందే. కాని మేము ఏ ఆదరువు పెట్టి కోశాము? అతని ఇంటికి ఎవరు వెళ్ళాలో రాసుకున్నామా? ఆరు నెలల తరువాత ఎవరు చెయ్యి పట్టి తీసుకురావాలో అనుకున్నామా? అతని భార్య ఆ రాత్రి ఎలా నిద్రపోయిందో అడిగామా? గీతకు ఇవతలే కోశాము. రెండు అంగుళాలు కూడా మిగల్చలేదు.

పౌలు కొరింథు సంఘానికి రెండో పత్రిక కూడా రాశాడు. దాని 2వ అధ్యాయంలో, సంఘం శిక్షించిన ఒక మనిషి గురించి మాట్లాడతాడు. పడిన శిక్ష చాలుననీ, ఇక అతణ్ణి క్షమించి ఆదరించమనీ, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడనీ వేడుకుంటాడు. మొదటి పత్రికలోని మనిషీ ఇతడూ ఒకరేనా కాదా అన్నదాని మీద పండితుల్లో రెండు అభిప్రాయాలున్నాయని సెమినరీలో చదువుకున్నాము. పరీక్షలో దాని మీద రెండు పేజీలు రాశాము కూడా. మార్కులు బాగానే వచ్చాయి. జీవితంలో మాత్రం మేము మొదటి పత్రిక 5వ అధ్యాయం దగ్గర పుస్తకం మూసేశాము. రెండో పత్రిక దాకా రానే లేదు.

లోపలికి వెళ్ళి అతని పక్కన కింద కూర్చున్నాము. "నాయనా, మేము నిన్ను కోశాము గాని ఆదరువు పెట్టలేదు. మమ్మల్ని క్షమించు" అన్నాము. అతడు డ్రిల్లు ఆపాడు. చాలాసేపు మాట్లాడలేదు. "తప్పు చేసింది నేనేగా అయ్యగారూ" అన్నాడు చివరికి. ఆ తరువాత, గొంతు తగ్గించి, "ఆరు నెలలూ అయిన ఆదివారం వచ్చానండీ. గేటు దాకా వచ్చాను. ఎవరైనా పిలుస్తారేమోనని చూశాను" అన్నాడు. మళ్ళీ డ్రిల్లు ఆన్ చేశాడు.

ఆ ఆదివారం మేము ఏ ప్రసంగం చేశామో మాకు గుర్తు లేదు.

మూడో రోజు టాక్సీ బండి నుంచి విప్పిన బాక్సునూ వెనుక తలుపునూ మా కారుకు పట్టించాలి. రేకు బరువు ఎక్కువ. ఒకరు ఇటు, ఒకరు అటు పట్టుకోవాలి, మూడోవారు వెల్డింగు చుక్కలు పెట్టాలి. షెడ్డులో పనిచేసే పిల్లవాడు ఆ రోజు రాలేదు. మేము ఒక పక్క పట్టుకున్నాము. రెండో పక్క కిందికి జారిపోతోంది. టీ కొట్టు బల్ల మీది పెద్దాయన లేచి రోడ్డు దాటి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. రెండో చివర పట్టుకున్నాడు. కుర్రాడు ఆయన వైపు చూశాడు. "చెయ్యి కొంచెం పైన పెట్టండి బాబాయ్, అక్కడ అంచు కోసుకుపోతుంది" అన్నాడు. ఆయన చెయ్యి పైకి జరిపాడు.

పని అయ్యాక ఆయన ఉప్పెన నాటి మాట ఒకటి చెప్పాడు. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆయన చిన్న కుర్రవాడు. నీళ్ళు తీశాక పొలాల్లో ఎవరి తలుపో, ఎవరి దూలమో, ఎక్కడిదో ఒక నావ చెక్క కొట్టుకువచ్చి పడి ఉన్నాయట. వాటితోనే వాళ్ళ నాన్న మొదటి పాక నిలబెట్టాడట. "ఆ పాకకు పెట్టిన తలుపు ఎవరిదో మాకు ఈనాటికీ తెలియదు. ఆ ఇంటివాళ్ళు ఉన్నారో లేదో. ఆ తలుపు వేసుకునే మేం నిద్రపోయాం" అన్నాడు. కుర్రాడు పని ఆపి విన్నాడు. గిలకలదిండిలో పాత పడవ విప్పి, దాని గట్టి చెక్కలను వేరొక పడవకు వేసే వడ్రంగులను మేము చూశాము. వేపచెట్టు కింది టాక్సీ తలుపు ఈ రోజు మన మందిరపు కారుకు ఉంది. దేవుడు ఈ డెల్టాలో మనలను ఇలాగే నిలబెడుతూ వచ్చాడు. శరీరంలో బలహీనంగా కనబడే అవయవాలే మరీ అవసరమైనవని పౌలు చెప్పిన మాటకు ఇంతకంటె ఏ వ్యాఖ్యానం కావాలి?

చివరగా, బాక్సుల అడుగున నీరు పోయే కంతలు అతడు మళ్ళీ తెరిచి, తీగ దూర్చి చూపించాడు. "వీటిని మూయకండి అయ్యగారూ. వానకాలం అయ్యాక ఒకసారి తీగ పెట్టి చూసుకోండి" అన్నాడు. సంఘంలో కన్నీరు బయటికి పోయే దారి కూడా మూయకూడదని మా డైరీలో రాసుకున్నాము.

జరిగినది జరిగినట్టు చెప్పాలి గనుక ఇది కూడా చెబుతున్నాము. ఆ కుర్రాడు ఇంకా మందిరంలోకి రాలేదు. పెద్దల కూటంలో ఈ సంగతి పెట్టాము. తప్పు సంఘానిదీ అని ఒప్పుకోవడానికి అందరూ సిద్ధంగా లేరు. వారి మాటా విన్నాము. అయితే టీ కొట్టు బల్ల మీద కూర్చున్న ఆ పెద్దాయన, మేము అడగకముందే, గుడివాడ వెళ్ళి వాళ్ళ ఇంట్లో భోజనం చేసి వచ్చాడు. కొడుకును కూడా వెంట తీసుకువెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో మేము అడగలేదు.

మొన్న ఆదివారం ఆరాధన జరుగుతుండగా గేటు దగ్గర మోటారుసైకిలు ఆగింది. అతడే. తలుపు సర్దుకుందో లేదో చూడటానికి వచ్చానని మా ఇంటావిడతో చెప్పాడట. కారు పక్కన వంగి, తలుపు రెండుసార్లు తీసి వేశాడు. చక్కగా పడింది. ఆ చప్పుడు మాకు పుల్పిటు దాకా వినబడింది. చివరి వరుసలో అతని తల్లి తల తిప్పి చూసింది. ఈసారి మేము ప్రసంగం ఆపి, మెట్లు దిగి, గేటు దాకా వెళ్ళాము. "లోపలికి రా నాయనా" అని పిలిచాము. "వచ్చే నెల వస్తానండీ, పాపను కూడా తీసుకొస్తాను" అన్నాడు. వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంది. మేము ఎదురుచూస్తున్నాము. మీరు కూడా ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

మీ సంఘంలో, మీ ఇంట్లో ఎవరినైనా కోయవలసి వస్తే, రంపం పట్టే ముందు ఆదరువు పెట్టండి. ఎప్పుడో కోసేసి మరిచిపోయినవారుంటే, ఈ వారమే వెళ్ళి వాళ్ళ గడప తొక్కండి.

ప్రభువా, మేము తక్కువ కోసిన చోట పెంచగలవాడవు నీవొక్కడవే. మా చేతులకు నిదానం నేర్పుము. ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ దివిసీమ సేవకులము